ఏ మాట పేరు, ఏ మాట పని? ఇంగ్లీషు ఒప్పంద పత్రం చదివేవారికి ఒక పాఠం

పావగడ తాలూకా కర్ణాటకలోనిదే అయినా పటంలో దాని మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలే కనిపిస్తుంది. అక్కడి నుంచి పని కోసమో పిల్లల చదువు కోసమో తుమకూరుకు, బెంగళూరుకు వచ్చి స్థిరపడిన మనవారిలో చాలామందికి ఇల్లు తెలుగు, బడి కన్నడం, కాగితం ఇంగ్లీషు. మొదటి రెండింటితో చిక్కు లేదు. మూడవది కూడా పూర్తిగా పరాయిది కాదు. అడ్వాన్సు, డిపాజిట్టు, రెంటు, లీజు, నోటీసు, అగ్రిమెంటు అనే మాటలు మన నోట రోజూ నలిగేవే. అయితే ఆ మాటలతోనే నిండిన అద్దె ఒప్పందాన్ని చేతికిచ్చి చదవమంటే ఒక్కొక్క మాటా తెలిసినట్లే ఉంటుంది. ఎవరు ఎవరికి ఏమి చేయాలో మాత్రం తేలదు. సంతకం అడిగేది ఆ తేలని పత్రం మీదనే. అది ఎందుకు తేలదో, ఎలా తేల్చుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

తెలుగు మాట తన పనిని తన ఒంటి మీదనే మోస్తుంది. "పాట" అంటే పేరు, "పాడింది" అంటే పని. "ఎరుపు" పేరు, "ఎర్రని" విశేషణం. "రైతు భూమిని ఇచ్చాడు" అన్నా, "భూమిని ఇచ్చాడు రైతు" అన్నా అర్థం చెడదు. భూమి వెనుక ఉన్న "ని", ఇచ్చాడు చివర ఉన్న "డు" తమ తమ పనులను విడువవు. ఇంగ్లీషులో ఈ ఏర్పాటు చాలా తక్కువ. ఒకే మాట, అవే అక్షరాలు, ఒక వాక్యంలో పేరుగా, మరొక వాక్యంలో పనిగా నిలుస్తుంది. అది ఏదో చెప్పేది ఆ మాట నిలుచున్న చోటు.

దీనికి తోడు మనకొక అలవాటు ఉంది. ఇంగ్లీషు మాటను తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు దానిని ముందు పేరుగా మార్చుకుంటాము. తరువాత పని చెప్పవలసి వస్తే చేయు, అవు, ఇచ్చు, కట్టు వంటి మన క్రియను దాని వెనుక నిలుపుతాము. బండి పార్కు చేశాడు, ట్రాన్స్‌ఫరు అయ్యాడు, నోటీసు ఇచ్చాడు. కన్నడం మాట్లాడేటప్పుడూ ఇదే పద్ధతి: పార్క్ మాడిద, ట్రాన్స్‌ఫర్ ఆద. రెండు భాషలలోనూ ఇంగ్లీషు మాట పేరుగానే ఉండిపోయి, పనిభారమంతా మన క్రియ మోస్తుంది. ఇది తప్పు కాదు, చక్కని పద్ధతి కూడా. కాని ఇలా అలవాటు పడిన కన్నుతో ఇంగ్లీషు పత్రం చూస్తే అక్కడ ప్రతి మాటా పేరుగానే కనబడుతుంది. "చేయు" ఎక్కడా దొరకదు. వాక్యం పేర్ల మూటగా మిగిలిపోతుంది.

బడిలో మనం నేర్చిన భాషాభాగాలు ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లీషు వ్యాకరణాలు సాధారణంగా ఎనిమిది చెబుతాయి. నౌన్ మన నామవాచకం, ప్రొనౌన్ సర్వనామం, అడ్జెక్టివ్ విశేషణం, వెర్బ్ క్రియ. పని ఎప్పుడు, ఎలా, ఎక్కడ జరిగిందో చెప్పేది అడ్వెర్బ్. రెంటిని కలిపేది కంజంక్షన్. "అయ్యో", "ఆహా" వంటిది ఇంటర్జెక్షన్. అద్దె పత్రంలో దీనితో అవసరం రాదు, చదవకుండా సంతకం చేసినవారికి తరువాత రావచ్చు. ఇక మిగిలినది ప్రిపోజిషన్. ఇది మన విభక్తి ప్రత్యయానికి దగ్గరి చుట్టం. మనది పేరుకు వెనుక అంటుకుని ఉంటుంది, వారిది పేరుకు ముందు విడిగా నిలబడుతుంది. చిన్న మాటే కదా అని దీనిని దాటిపోరాదు. ఎందుకో పావగడ నేల మీదనే చూడవచ్చు.

ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు

నాగలమడక హోబళిలో తిరుమణి, వల్లూరు, బలసముద్ర, క్యాతగానచర్లు, రాయచర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. దాని కోసం రైతుల భూమిని కొనలేదు, 28 ఏళ్ల లీజుకు తీసుకున్నారు. కౌలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకొకసారి 5 శాతం పెరిగే ఏర్పాటు. ఆ ఊళ్లలో ఎవరిని అడిగినా "లీజుకిచ్చాం" అంటారు. పార్కు నడిపేవారిని అడిగితే "లీజుకు తీసుకున్నాం" అంటారు. తెలుగులో "ఇచ్చు", "తీసుకొను" అనే రెండు క్రియలు ఉన్నందువల్ల ఎవరు ఏ పక్షమో తడుముకోనక్కరలేదు.

ఇంగ్లీషులో "లీజ్" తానే క్రియ కాగలదు. అంతేకాదు, ఇవ్వడానికీ తీసుకోవడానికీ అదే క్రియ. "ద ఫార్మర్ లీజెస్ ద ల్యాండ్ టు ద కంపెనీ" అంటే రైతు భూమిని సంస్థకు లీజుకిస్తాడు. "ద కంపెనీ లీజెస్ ద ల్యాండ్ ఫ్రమ్ ద ఫార్మర్" అంటే సంస్థ రైతు నుంచి భూమిని లీజుకు తీసుకుంటుంది. రెండింటిలోనూ క్రియ "లీజెస్" అనే. ఇచ్చినవారు ఎవరో, పుచ్చుకున్నవారు ఎవరో తేల్చినవి "టు", "ఫ్రమ్" అనే రెండు చిన్న మాటలు. మన "కు", "నుంచి" చేసే పనినే అవి చేశాయి. "రెంట్" అనే క్రియ కూడా ఇంతే. "లెట్" అనేది మాత్రం ఇచ్చేవారి వైపు నుంచే పలుకుతుంది. వీధిలో "టు లెట్" బోర్డు కట్టేది అందుకే ఇంటి యజమాని.

ఈ రెండు పక్షాలకూ చట్టం పేర్లు పెట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షను ప్రకారం లీజుకిచ్చేవారు "లెసర్", పుచ్చుకునేవారు "లెసీ". వినడానికి కవల పిల్లల వలె ఉన్న ఈ మాటలలో తేడా చివరనే ఉంది. ఇంగ్లీషులో "అర్" అని ముగిసే ఇలాంటి పేరు పని చేసేవారిని చెబుతుంది, "ఈ" అని ముగిసేది ఆ పని ఎవరి పట్ల జరిగిందో వారిని. ఎంప్లాయర్ పని ఇచ్చేవారు, ఎంప్లాయీ పనిలో ఉన్నవారు. ఊళ్లో భూమిని లీజుకిచ్చిన పెద్దాయన ఆ పత్రంలో లెసర్. ఆయన కుమారుడు బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఈ పత్రంలో లెసీ. ఒకే ఇంటివారు, రెండు పత్రాలలో రెండు పక్షాలు. లెసర్‌కు మేలు చేసే వాక్యం ఊళ్లో వారిది, నగరంలో ఎదుటివారిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బెంగళూరు వాడుకలో "లీజు" అంటే నెల అద్దె లేకుండా పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి ఉండటం. కన్నడంలో భోగ్య అంటారు. నెలనెలా కట్టేదాన్ని రెంటు అంటారు. పత్రంలోని ఇంగ్లీషుకు ఈ తేడా పట్టదు. నెల అద్దె ఒప్పందంలో కూడా "లీజ్" అనే మాట రావచ్చు, దానిని చూసి కంగారు పడనక్కరలేదు. ఒప్పందాలు పదకొండు నెలలకే రాయడం మనం చూస్తుంటాము. ఏడాదికి మించిన కాలానికి లీజు రాస్తే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద దానిని నమోదు చేయించవలసి ఉంటుంది.

ముందు మాటను చూడండి

మాట పేరా, పనా అని తేల్చుకోవడానికి ఆ మాటను ఎంతసేపు చూసినా లాభం లేదు. దాని ముందున్న మాటను చూడాలి. "ఎ", "యాన్", "ద", "దిస్", "ఎనీ", "హిజ్", "యువర్" వంటివి వస్తే వాటి తరువాత ఎక్కడో ఒక పేరు తప్పక ఉంటుంది. మధ్యలో విశేషణం దూరవచ్చు, కాని పేరు దాటిపోదు. "షల్", "విల్", "మే", "మస్ట్", "కెన్", "డు నాట్" వంటివి వస్తే తరువాతిది క్రియ. "టు" ఒక్కటే రెండు పడవల మీద కాలు పెడుతుంది: "టు పే" అన్నప్పుడు దాని వెనుక క్రియ, "టు ద ఓనర్" అన్నప్పుడు పేరు. అక్కడ "ద" ఉందో లేదో చూస్తే చాలు. ఇక వాక్యం మొదట్లోనే, ముందు ఏ మాటా లేకుండా, ఎవరు చేయాలో చెప్పకుండా ఒక మాట నిలబడితే అది తరచుగా ఆజ్ఞ: "సైన్ హియర్", "పే బిఫోర్ ద ఫిఫ్త్".

నీటికి కరువు చూసిన తాలూకావారికి నీటి ఉదాహరణే బాగుంటుంది. నగరంలో కొళాయి దగ్గర "డు నాట్ వేస్ట్ వాటర్" అని రాసి ఉంటుంది. "డు నాట్" తరువాత వచ్చింది కనుక ఇక్కడ "వేస్ట్" క్రియ: వృథా చేయవద్దు. చెత్త బండి మీద "డ్రై వేస్ట్", "వెట్ వేస్ట్" అని ఉంటుంది. "డ్రై", "వెట్" విశేషణాలు, వాటి వెనుక "వేస్ట్" పేరు: పొడి చెత్త, తడి చెత్త. మురుగు శుద్ధి కేంద్రం వద్ద "వేస్ట్ వాటర్" అని కనిపిస్తుంది. అక్కడ "వేస్ట్" తన వెనుకనున్న నీటిని వర్ణిస్తూ విశేషణపు పని చేస్తున్నది: వాడి వదిలిన నీరు. కొళాయి బోర్డులో "డు నాట్" అనే రెండు మాటలను కన్ను దాటేస్తే మిగిలేది మురుగునీరే. "పార్క్" కూడా ఇలాగే. పావగడవారికి అది సౌర పలకలు పరచిన నేల పేరు. గేటు మీది "డు నాట్ పార్క్"లో అది బండి నిలుపు అనే క్రియ.

మాట చివర కూడా కొంత సాయం చేస్తుంది. "మెంట్", "షన్" అని ముగిసేవి ఎక్కువగా పేర్లు: పేమెంట్, టెర్మినేషన్. "బుల్" అని ముగిసేవి విశేషణాలు: పేయబుల్, రిఫండబుల్. "లీ" అని ముగిసేవి క్రియావిశేషణాలని బడిలో చెబుతారు. అయితే ఆ సూత్రాన్ని గట్టిగా నమ్మరాదు. "మంత్లీ రెంట్"లో "మంత్లీ" అద్దెను వర్ణించే విశేషణం. "పెయిడ్ మంత్లీ"లో అదే మాట కట్టే పద్ధతి చెప్పే క్రియావిశేషణం. మళ్లీ చోటు దగ్గరికే వచ్చాము.

డిపాజిట్టు తిరిగి రావడం, తిరిగి ఇవ్వడం

ఇప్పుడు అసలు విషయం. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి.

"ద లెసర్ షల్ రిఫండ్ ద డిపాజిట్ విదిన్ థర్టీ డేస్."

"ఎనీ రిఫండ్ ఆఫ్ ద డిపాజిట్ షల్ బి ఎట్ ద డిస్క్రీషన్ ఆఫ్ ద లెసర్."

రెండింటిలోనూ "రిఫండ్" ఉంది, "డిపాజిట్" ఉంది, "షల్" ఉంది, "లెసర్" ఉంది. తెలిసిన మాటలను ఏరుకుని చదివేవారికి రెండూ ఒకటే: డిపాజిట్టు తిరిగి వస్తుంది. కాని మొదటి వాక్యంలో "షల్" తరువాత వచ్చిన "రిఫండ్" క్రియ. క్రియ అన్నాక చేసేవారు ఉండాలి, ఉన్నారు, యజమాని. ఆయన ముప్పై రోజులలో తిరిగి ఇవ్వాలి. రెండవ వాక్యంలో "ఎనీ" తరువాత వచ్చిన "రిఫండ్" పేరు. ఇక్కడ క్రియ "షల్ బి" మాత్రమే. తిరిగి ఇవ్వడం అనే పని పేరుగా మారిపోగానే దానిని చేయవలసినవారు వాక్యం నుంచి జారుకున్నారు. యజమాని తిరిగి కనిపించేది చివరన, అదీ "ఆఫ్" అనే విభక్తితో, ఇష్టం ఎవరిదో చెప్పడానికి. తెలుగులో చెప్పాలంటే: ఏదైనా తిరిగి ఇచ్చేది ఉంటే అది యజమాని ఇష్టం.

తెలిసినవారొకరు ఇలాంటి రెండవ వాక్యం ఉన్న పత్రం మీద సంతకం చేసి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పది నెలల అద్దెకు సమానమైన మొత్తం కోసం నెలల తరబడి తిరిగారు. "రిఫండ్ అని రాసి ఉందండీ, నేను చూశాను" అని ఆయన చెప్పిన మాట నిజమే. రాసి ఉంది. పేరుగా రాసి ఉంది. ఈ పాఠం రాయాలనిపించింది అప్పుడే.

కనుక డబ్బుకు సంబంధించిన ప్రతి వాక్యంలోనూ ముందు క్రియను వెతకండి. క్రియ దొరికిన తరువాత దాని ముందుకు వెళ్లి చేసేవారెవరో చూడండి. చేసేవారు లేకపోతే అడగండి: "ఇది ఎవరు చేయాలి? ఆ పేరు కూడా రాయండి." ఇది తగవు కాదు, మర్యాదగానే అడగవచ్చు. "ద పెయింటింగ్ ఛార్జెస్ షల్ బి డిడక్టెడ్" అనే వాక్యంలో క్రియ ఉంది, తగ్గించేవారు ఎవరో, ఎంతో లేదు. ఆ ఖాళీని సంతకానికి ముందే నింపించుకోవాలి.

క్రియకు ముందుండే సహాయక్రియనూ పట్టించుకోవాలి. "షల్" అంటే చేయవలసిందే. "మే" అంటే చేయవచ్చు, చేయకపోవచ్చు. "ద లెసర్ మే రిఫండ్" అని ఉంటే యజమాని మీద బాధ్యత లేదు. ఈ "మే" నెల పేరు కూడా. నెల అయితే ఇంగ్లీషులో మొదటి అక్షరం పెద్దది వేస్తారు, ముందు "ఇన్" వంటి ప్రిపోజిషన్ ఉంటుంది.

మనం వేరే అర్థంలో వాడే మాటలు మరికొన్ని ఉన్నాయి. "ద రెంట్ ఈజ్ పేయబుల్ ఇన్ అడ్వాన్స్" అనే వాక్యం చదివి, అద్దెను అడ్వాన్సులో పట్టుకుంటారని సంతోషించినవారు ఉన్నారు. "ఇన్ అడ్వాన్స్" రెండు మాటలూ కలిసి "ముందుగానే" అనే క్రియావిశేషణపు పని చేస్తాయి. ఏ నెల అద్దె ఆ నెల మొదట్లోనే కట్టాలని దాని భావం. మనం డిపాజిట్టుగా ఇచ్చిన అడ్వాన్సుతో దానికి సంబంధం లేదు. "డ్యూ" అనే మాట తెలుగులో పేరు: డ్యూ కట్టాలి అంటాము. "ద రెంట్ ఈజ్ డ్యూ ఆన్ ద ఫిఫ్త్"లో అది విశేషణం: అయిదో తేదీకి చెల్లించవలసినది. "నో డ్యూస్ సర్టిఫికెట్"లో "డ్యూస్" పేరు: బకాయిలు. "డ్యూ టు"లో అది ప్రిపోజిషన్‌లో భాగమై "వల్ల" అనే అర్థమిస్తుంది.

సందేహం వస్తే నిఘంటువు చూడాలి, అయితే మొదటి అర్థం చూసి మూసివేయకూడదు. 1852లో సి. పి. బ్రౌన్ తెలుగు మాటలకు ఇంగ్లీషు అర్థాలతో నిఘంటువు వెలువరించినప్పుడు మాట పక్కన అది నామమో క్రియో విశేషణమో తెలిపే పొడి అక్షరాలు వేశాడు. నేటి ఫోను నిఘంటువులు కూడా ఇంగ్లీషు మాటలకు ఆ పద్ధతినే పాటిస్తున్నాయి. "ఎన్" అక్షరం నౌన్‌కు, "వి" వెర్బ్‌కు గుర్తు. ఒకే మాట కింద రెండూ ఉంటే ముందు మీ వాక్యంలో ఆ మాట ఏదో తేల్చుకుని, ఆ గుర్తు కిందనే అర్థం వెతకాలి.

అభ్యాసం

కింది వాక్యాలలో అడిగిన మాట ఏ భాషాభాగమో చెప్పండి. పిల్లలు ఇంట్లో ఉంటే వారితో కలిసి చేయండి; వారికి సూత్రాలు తెలుసు, మీకు ఒప్పందాలు తెలుసు.

ఒకటి: "ద లెసీ షల్ నాట్ ట్రాన్స్‌ఫర్ ద లీజ్." ఇందులో "ట్రాన్స్‌ఫర్", "లీజ్".
రెండు: "నో ట్రాన్స్‌ఫర్ ఈజ్ అలవ్డ్." ఇందులో "ట్రాన్స్‌ఫర్".
మూడు: "అడ్రస్ ఆల్ లెటర్స్ టు ద లెసర్." ఇందులో "అడ్రస్", "టు".
నాలుగు: దరఖాస్తులోని "ప్రెజెంట్ అడ్రస్". ఇందులో "ప్రెజెంట్".
ఐదు: "ప్రెజెంట్ ద ఒరిజినల్ అగ్రిమెంట్ ఎట్ ద కౌంటర్." ఇందులో "ప్రెజెంట్", "ఒరిజినల్".

జవాబులు. మొదటిదానిలో "షల్ నాట్" వెనుక ఉన్న "ట్రాన్స్‌ఫర్" క్రియ, "ద" వెనుక ఉన్న "లీజ్" పేరు. అద్దెకున్నవారు లీజును మరొకరికి మార్చరాదు. రెండవదానిలో "నో" తరువాత వచ్చింది కనుక "ట్రాన్స్‌ఫర్" పేరు. ఎవరు చేసే మార్పు అనేది చెప్పలేదు కనుక అది రెండు పక్షాలకూ తగలవచ్చు, అడిగి తెలుసుకోవాలి. మూడవదానిలో "అడ్రస్" వాక్యం మొదట నిలిచిన క్రియ: ఉత్తరాలన్నీ యజమాని పేర రాయండి, "టు" వెనుక "ద" ఉంది కనుక ప్రిపోజిషన్. నాలుగవదానిలో "ప్రెజెంట్" విశేషణం: ఇప్పుడు ఉంటున్న చిరునామా. దాని కింద "పర్మనెంట్ అడ్రస్" అని ఇంకొక గడి ఉంటుంది. అక్కడా "పర్మనెంట్" చిరునామాకే విశేషణం. మనవారిలో చాలామంది మొదటి గడిలో బెంగళూరు వీధిని, రెండవ గడిలో పావగడ తాలూకాలోని ఊరిని రాస్తారు. ఐదవదానిలో "ప్రెజెంట్" క్రియ, చూపించండి అని ఆజ్ఞ. "ద" వెనుక నిలిచిన "ఒరిజినల్" విశేషణం, దాని వెనుక "అగ్రిమెంట్" పేరు. నకలు పట్టుకుని వెళితే తిరిగి రావలసి వస్తుంది.